పన్నెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు

మంగళవారం రాత్రి క్లాసు. డిగ్బీ రేవు పక్కన కాలేజీ.
హీటరు దగ్గుతోంది. కిటికీ అద్దం మీద ఉప్పు పొర.
పద్నాలుగు కంప్యూటర్లు, పదకొండు మంది,
నాకంటే పెద్దవాళ్లు, కాకపోతే
నాకంటే అలిసిపోయినవాళ్లు.

ఈ ఏడాది బోర్డు మీద రాయడం మానేశాను.
సుద్దముక్క చేతిలో ఉంటే
నేను మాట్లాడతాను, వాళ్లు రాసుకుంటారు,
ఎవరికీ ఏమీ కాదు.
ఇప్పుడు తెర మీద ఒక గీత ఇస్తాను, దాని కింద ఒక మీట.
"జరపండి" అంటాను. అంతే.
నోరు మూసుకోవడం ఒక్కటే
ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నాకు పట్టుబడని విద్య.

కెన్డ్రా వృద్ధాశ్రమంలో డ్యూటీ దిగి
ఆ యూనిఫాంతోనే వస్తుంది.
వాలు మీటను లాగింది: పది, నలభై, వెయ్యి.
గీత నిక్కింది, ఇంకా నిక్కింది,
నిట్టనిలువు మాత్రం కాలేదు.
"ఇదిగో అంటుంది గానీ రాదేం మేడమ్,
మా తొమ్మిదో గది ముసలాయనలాగా?"
జవాబు తొంభై మూడో పేజీలో ఉంది.
నాలుక కరుచుకుని ఊరుకున్నాను.

ఎల్వుడ్ మ్యూస్‌కి యాభై ఎనిమిదేళ్లు.
ఆటు పోయాక బురదలో గుల్లలు తవ్వుతాడు.
మౌస్‌ని ముళ్లపార పట్టినట్టే పట్టుకుంటాడు, గుప్పెటంతా.
నాలుగు వారాలు నోరు విప్పలేదు.

ఆ రోజు లెక్క
రేవు గోడ మీది నీటిమట్టం, పది రోజుల చుక్కలు.
వాటి మీదుగా ఒక అలను కూర్చోబెట్టాలి.
ఎత్తుకొక మీట, నిడివికొక మీట, పక్కకి జరపడానికొకటి.
అందరూ నిడివి పన్నెండు గంటలన్నారు.
మొదటి రోజు చుక్కల మీద
అల పిల్లిలా కుదురుగా కూచుంది.
"అయిపోయింది" అన్నారెవరో, కోటు అందుకుంటూ.

"కాలేదు."
గొంతు ఎవరిదో అని తల తిప్పాం.
"తెరని ఇంకా పక్కకి లాగండి" అన్నాడు ఎల్వుడ్.
లాగాం. మూడో రోజుకి గీత తొందరపడుతోంది.
వారం తిరిగేసరికి
గీత పోటంటోంది, చుక్కలు బురదలో ఉన్నాయి.

"పుస్తకం నీళ్లు గంట కొట్టగానే వస్తాయి.
మా నీళ్లు రోజుకి యాభై నిమిషాలు ఆలస్యం,
చంద్రుడిని అడిగి రావాలి కదా.
పన్నెండని నమ్మి పడవ దింపినవాడు
ఆ సాయంత్రం ఉత్త బుట్టతో వస్తాడు."

మీటను వెంట్రుకవాసి వెంట్రుకవాసి జరిపాడు.
పన్నెండున్నర దాటి మళ్లీ వెనక్కి,
పన్నెండు పాయింట్ నాలుగు రెండు.
చుక్కలన్నీ దారంలోకి వచ్చేశాయి,
మొదటి రోజు నుంచి పదో రోజు దాకా.
కోటు అందుకున్నవాడు కోటు దించాడు.

అప్పుడు పగిలిన గోరుతో
అల అడుగున తాకాడు ఎల్వుడ్. "ఇక్కడ
నీరు ఆలోచిస్తుంది.
దిగదు, ఎక్కదు. సరిగ్గా ఇప్పుడే తలెత్తి చూసుకోవాలి.
మొదటి గంట మెల్లగానే వస్తుంది, నవ్వుతూ.
మూడో గంటకి నువ్వు పరిగెత్తినా చాలదు."

ఆ చోట వాలు సున్నా అని
ఎన్ని వేలసార్లు రాసి ఉంటానో ఇన్నేళ్లలో!
నా కాళ్లు ఎన్నడూ తడవలేదు.

పరీక్షలో అతనికి అరవై ఒకటి.
ప్రమేయానికి ప్రదేశం ఏమిటని అడిగితే
"ఎప్పట్నుంచో, ఎప్పటిదాకానో" అని రాశాడు.
అర మార్కు వేశాను.
ఆ మిగిలిన అర ఇంకా గుచ్చుతూనే ఉంది.

ఆ రాత్రి అందరూ వెళ్లాక
తెర ఆర్పబోయి, ఆగి,
ఎత్తు మీటను ఒక్కదాన్నే కిందికి లాగాను.
నాలుగు మీటర్లు. రెండు. ఒకటి.
సున్నా.
అఖాతం మొత్తం ఒక సాపు గీతైపోయింది,
పడవ లేవదు, గుల్ల బయటపడదు,
ఎవరూ ఎక్కడా ఆలస్యం కారు.

వెలుపల చీకట్లో నీటి చప్పుడు వినబడుతోందా అని
ఒక్క క్షణం చెవి ఒగ్గి,
మీటను గబగబా
మళ్లీ పైకి నెట్టేశాను.